తూము మీద పేరు ఎవరు రాయించుకుంటారు?

గాజు పట్టీలను గీకేసి పైన రంగు కొట్టేశారు. క్రిస్మస్ వస్తోంది కదా, గుడి కళకళలాడొద్దూ!

ఆ పట్టీలేమిటో తెలియనివారికి చెబుతాను. పాత గోడ బీటవారితే ముందుగా తేల్చుకోవలసింది ఒకటే. ఆ బీట ఎప్పుడో వచ్చి ఆగిపోయిందా, ఇంకా నడుస్తోందా? అందుకని బీటకి అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి, రెండు కొసలూ గోడకి అతికించి, పక్కన తేదీ రాస్తారు. గోడ ఏ కాస్త కదిలినా గాజు పుటుక్కున విరుగుతుంది. పెద్ద ఖర్చేమీ లేదు. మా సంఘం పిల్లవాడే ఒకడు ఇంజనీరు, సెలవులకి వచ్చినప్పుడు నిచ్చెన వేసుకుని ఉత్తరపు గోడ మీద వాటిని అంటించి వెళ్ళాడు. వానాకాలం వెళ్ళేసరికి రెండు విరిగాయి. అంటే గోడ కదులుతోంది. కమిటీ మాత్రం కదల్లేదు. డిసెంబరు మొదటి వారంలో రంగుల మేస్త్రి వచ్చి, "ఇదేంటండీ, గోడ నిండా గాజు పెంకులు" అంటూ రేకుతో గీకి పారేసి, బీటలో పుట్టీ కూరి, పైన క్రీమురంగు రెండు కోటింగులు వేశాడు. తేదీలు పోయాయి, సాక్ష్యం పోయింది. ఆ మేస్త్రిని నేనేమీ అనను. అతనికి చెప్పిన నాథుడు లేడు. రంగు కోసం ఒక్క సిట్టింగులో తీర్మానం చేసి సంతకాలు పెట్టిన పెద్దమనుషులున్నారే, వాళ్ళని అంటాను.

మాది కోస్తాలో ఒక పాత మిషను సంఘం. ఊరి పేరు రాయను. రాస్తే అది ఒక్క ఊరి గొడవ అయిపోతుంది, మిగతా ఊళ్ళవాళ్ళు హాయిగా పేజీ తిప్పేస్తారు. గుడికి నూట ముప్పై ఏళ్ళు దాటాయి. రెండడుగుల మందాన ఇటుక గోడలు, డంగు సున్నం, టేకు దూలాలు, పైన మంగళూరు పెంకులు. (ఆ పెంకుల ఫ్యాక్టరీ మంగళూరులో మొదట పెట్టిందీ మిషనరీలే, బాసెల్ మిషన్ వారు, 1865లో. గుడి కట్టడమే కాదు, దాని కప్పుకి కావలసిన పెంకు కాల్చడం కూడా తమ పనే అనుకున్న మనుషులు వాళ్ళు.) 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తిన రాత్రి, ఆ గాలికి మా ఊళ్ళో పాకలన్నీ లేచిపోయాయి. మాలపల్లె, మాదిగపల్లె, పెద్ద వీధి అన్న తేడా లేకుండా జనం పిల్లల్ని చంకనేసుకుని వచ్చి ఈ గోడల మధ్యే తెల్లవారేదాకా కూర్చున్నారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. అప్పుడు ఊరిని కాచింది ఈ గోడలే. ఇప్పుడు వాటిని కాచేవాళ్ళు లేరు.

జబ్బు ఎక్కడ మొదలైందో చెబితే నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. ఒక తూము దగ్గర. ఉత్తరం వైపు కప్పు నీళ్ళు దిగే తూములో వేపాకు, పావురాల పెంట, ఎప్పుడో ఎగిరొచ్చిన పాలిథీన్ కవరు పడి పూడుకుపోయింది. నీళ్ళకి దారి లేక గోడ నెత్తిన నిలబడ్డాయి. దూలం కొసలు దిగేది సరిగ్గా అక్కడే. నాలుగు వానాకాలాలకి కొసలు మెత్తబడ్డాయి, మెత్తబడ్డ చోట చెద దిగింది. కప్పు రెండు వాలులూ బయటికి జారిపోకుండా పట్టి ఉంచేది ఆ అడ్డ దూలమే. దాని పట్టు సడలితే కప్పు బరువు నేరుగా కిందికి దిగక గోడని బయటికి నెడుతుంది. నెట్టింది. గోడ ఒరిగింది, కిటికీ ఆర్చి మీద బీట పడింది. బీటలో కాకి వేసిన గింజ మొలిచి రావి మొక్కయింది. ఏటా మట్టల ఆదివారానికి ముందు ఎవరో దాన్ని పైపైన కొడతారు, వేరు లోపలే ఉంటుంది, ఈసారి ఇంకాస్త బలంగా లేస్తుంది. ఇంత జరిగిందీ ఒక మనిషి ఏడాదికి రెండుసార్లు నిచ్చెన ఎక్కి తూములో చెయ్యి పెట్టనందుకు.

ఇది చాలదన్నట్టు మేం చేసిన 'అభివృద్ధి' ఒకటి. కొన్నేళ్ళ కిందట గోడల అడుగు భాగం చెమ్మగా ఉందని లోపలా బయటా సిమెంటు పూత పూయించారు, లోపల దాని మీద టైల్సు కూడా. సున్నపు గోడ నేలలోని తడిని పీలుస్తుంది, ఎండ తగలగానే వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి లోపలే నిలిచి, ఉప్పు కట్టి, ఇటుకని తినేసింది. మొన్న ఒక టైలు ఊడితే వెనక చూశాను. ఎర్రటి పొడి జలజలా రాలింది. వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. అది ఇటుక! టైల్సు పనికి లక్షల్లో బిల్లు పెట్టి, దాతల పేర్లు గ్రానైటు పలక మీద చెక్కించిన గోడ అది. పక్క ఊళ్ళో సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఒకాయన ఉన్నాడు, ఆయన్ని పిలిపించి చూపించాను. చేత్తో తట్టి తట్టి చూసి, "గోడకేం జబ్బు లేదు బాబూ. మీరు కట్టిన కట్టు విప్పండి, పుండు అదే మానుతుంది" అన్నాడు.

ఆ మాట కమిటీలో చెబితే ఒకాయన పకపకా నవ్వాడు. "ఈ రోజుల్లో డంగు సున్నం ఎవడు పెడతాడండీ!" అన్నాడు. చార్మినార్‌కి ఈనాటికీ పెడుతున్నారు. పాత దేవాలయాల మరమ్మతుల్లో పెడుతున్నారు. సున్నం ముందుగా నానబెట్టుకుని, ఇసుక కలిపి గానుగ పట్టి, కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసే పనివాళ్ళు ఇంకా ఉన్నారు. వెతకాలి, అడ్వాన్సు ఇవ్వాలి, వాళ్ళు చెప్పినన్నాళ్ళు ఆగాలి. ఈ మూడూ మాకు చేతకావు.

డబ్బు లేదా అంటే, ఎందుకు లేదు? కోత పండుగ వేలంలో ఒక గుమ్మడికాయ వేలకి వేలు పలుకుతుంది, పాట నీదా నాదా అని. ఫ్యాన్లకి డబ్బుంది. మా గుడిలో ఫ్యాను రెక్క రెక్కకీ పేరుంది. తిరిగేటప్పుడు ఎలాగూ కనబడదు కాబట్టి చలికాలం ఆరాధనలో తీరిగ్గా చదువుకోవచ్చు. బెంచీ వెనక పేరు, ట్యూబులైటు పట్టీ మీద పేరు, గోడ గడియారంలో ముల్లు కింద పేరు. ఫలానావారి జ్ఞాపకార్థం, వారి కుమారులు, కోడళ్ళు, మనవలు. అమెరికాలో ఉన్న మావాళ్ళొకరు పెద్ద మొత్తమే ఇస్తామన్నారు, దేనికి? రోడ్డు మీదికి కనబడేలా స్టీలు ఆర్చికి. "కప్పుకి ఇవ్వండి బాబూ" అని ఫోనులో బతిమాలాను. "అది మెయింటెనెన్స్ కదంకుల్, కమిటీ చూసుకుంటుంది" అన్నాడా అబ్బాయి. పాపం, అతనికి తెలిసిన ధర్మం అదే. ఇచ్చింది కనబడాలి. మరి తూము మీద పేరు ఎవరు రాయించుకుంటారు? దూలం కొసకి అతుకు వేయిస్తే, ఆ అతుకు కప్పు కింద చీకట్లో ఉంటుంది. పావురాలు తప్ప చదివేవాళ్ళుండరు.

ఇక వేదాంతులు. గోడ మాట ఎత్తితే చాలు, అపొస్తలుల కార్యాల్లో పౌలు ఏథెన్సువారితో అన్న మాట తెస్తారు, దేవుడికి చేతులతో కట్టిన ఇల్లెందుకని. సరే. అది మీ సొంత ఇంటి మీద రెండో అంతస్తు వేసేటప్పుడు ఎవరూ ఎందుకు చెప్పలేదో! అయినా వాక్యంతో కొడితే వాక్యంతోనే జవాబు చెబుతాను. రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం తీయండి. మందిరం బాగు చేయించమని యోవాషు రాజు యాజకులకి చెప్పాడు. కానుకల డబ్బు వచ్చేదీ వాళ్ళ చేతికే. ఆయన ఏలుబడిలో ఇరవై మూడో ఏడు వచ్చినా బీటలు బీటలుగానే ఉన్నాయి. చివరికి రాజే పిలిచి నిలదీస్తే, యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకి బెజ్జం చేసి, బలిపీఠం పక్కన పెట్టించాడు. అందులో పడ్డది లెక్క చూసి వడ్రంగులకి, కాసెపనివాళ్ళకి, రాళ్ళకి, కలపకి ఇచ్చారు. ఆ డబ్బుతో వెండి గిన్నెలూ బాకాలూ చేయించలేదని కూడా అక్కడే రాసి ఉంది. బాకాలు! మా గుడికి పోయిన ఏడు కొన్న సౌండు సిస్టం చూస్తే ఆ గ్రంథకర్త ఏం రాసేవాడో. ఆ అధ్యాయం మీద మా గుడిలో ప్రసంగం విన్నట్టు నాకు గుర్తు లేదు. పనివాళ్ళు నమ్మకస్తులు గనక వాళ్ళని లెక్క అడగలేదన్న ఒక్క ముక్క మాత్రం మా కోశాధికారి గారికి కంఠతా వచ్చు.

అయ్యగార్లని అంటే పాపం తగులుతుందంటారు. నేను అయ్యగార్ల మనసుని అనడం లేదు, పద్ధతిని అంటున్నాను. వచ్చినాయనకి ఊరు తెలిసేలోపు బదిలీ. ఆయన హయాంలో కప్పు కూలకుండా ఉంటే చాలు, తర్వాత వచ్చే ఆయన చూసుకుంటాడు. ఆస్తి ట్రస్టు పేరున ఉంది, కాబట్టి ఇటుక కదపాలన్నా పై ఆఫీసు అనుమతి కావాలి. అనుమతికి రాసిన ఉత్తరం పై ఆఫీసులో ఉంది. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు మా దగ్గర ఉంది. విచిత్రం ఏమిటంటే, అదే ఆవరణలో రోడ్డు వైపు షాపులు కట్టడానికి అనుమతి ఆలస్యం కాలేదు. ఆ షాపుల పునాదికి తవ్విన మట్టి తెచ్చి గుడి గోడకి ఆనించి పోశారు. ఇప్పుడు వాన నీళ్ళు బయటికి పారవు, గోడ మొదట్లోకి పారతాయి. అద్దెలు నెలనెలా వస్తున్నాయి. అందులో ఒక్క రూపాయి అయినా గుడి మరమ్మతుకని విడిగా పెట్టారా? అడిగితే, "అంకుల్ గారికి ఈమధ్య కోపం ఎక్కువైంది" అన్నారు.

అవును, ఎక్కువైంది. ఎందుకు ఎక్కువైందో కూడా వినండి. స్త్రీల మైత్రివాళ్ళు కప్పు కోసం పిడికెడు బియ్యం మొదలుపెట్టారు. మన సంఘాల్లో ఇది పాత అలవాటే. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేయడం, ఆదివారం తెచ్చి గుడిలో పోయడం. కూలికి పోయేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, పింఛను మీద బతికే ముసలమ్మలు తెచ్చిన బియ్యం. రకరకాల బియ్యం కలిసిపోయి, కొన్న షావుకారు మొహం చిట్లించేవాడు. ఏడాదిపాటు అమ్మగారు స్వయంగా లెక్క రాశారు. ఆ డబ్బుతో ఉత్తరం వైపు పెంకులు దించి, తూము కొత్తది వేయించి, దూలం కొసలకి అతుకులు పెట్టే పని మొదలుపెట్టొచ్చు, కనీసం పరంజా కట్టొచ్చు. ఏమైంది? పెద్దలెవరో వస్తున్నారని షామియానాలకీ పూలదండలకీ భోజనాలకీ 'తాత్కాలిక సర్దుబాటు' చేశారు. పుస్తకంలో అదే మాట రాశారు, తాత్కాలిక సర్దుబాటని. ముసలమ్మ నోటి దగ్గర తీసిన పిడికెడు బియ్యం, రెండు గంటల్లో వాడిపోయే గజమాల అయింది. ఆ ఆడవాళ్ళకి ఇంతవరకూ ఎవరూ సంజాయిషీ చెప్పలేదు. వాళ్ళు మాత్రం మళ్ళీ డబ్బా తెస్తున్నారు. వాళ్ళని చూస్తే నాకు ధైర్యం రావలసింది, సిగ్గొస్తోంది.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోట్రడామ్ తగలబడినప్పుడు మా సంఘం వాట్సాప్ గ్రూపు నిండా ఏడుపు బొమ్మలే. 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచినప్పుడు దండాలు, చప్పట్లు. మంచిదే, ఆ గుడికి ఏడవనివాడు రాయి. కానీ ఆ వీడియో పంపినాయనే, అదే గ్రూపులో, మా తూము ఫోటో కింద "నోటెడ్ బ్రదర్" అని పెట్టాడు.

అంత దూరం ఎందుకు? మెదక్ గుడి చూడండి. మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కట్టడం తలపెట్టింది కరువు రోజుల్లో, ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించి అన్నం పెట్టడానికి. 1914 నుంచి పదేళ్ళు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. 175 అడుగుల గోపురం. కడుపు కాలినవాళ్ళు మోసిన రాయి అది. వాళ్ళలాంటివాళ్ళ మునిమనవలమే మనమంతా. ఇప్పుడు మనకి కరువు లేదు. కార్లున్నాయి, ఆరాధన అయ్యాక ఆవరణలోంచి బయటపడటానికి అరగంట పట్టేన్ని కార్లు. ఇది తెల్లవాళ్ళు వదిలేసిన కట్టడం, మనకెందుకీ గుదిబండ అనే కుర్రకారు కూడా ఉన్నారు. వాళ్ళు ఒకసారి డోర్నకల్ వెళ్ళి రావాలి. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అజరయ్య గారు కట్టించిన గుడి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ. మన దేవాలయాల స్తంభాలు, మసీదు మీది గుమ్మటాలు, మధ్యలో సిలువ. ఆ గుడిని తెల్లవాళ్ళదని ఎలా అంటారు? మా గుడికీ సొమ్ము ఎక్కణ్ణించి వచ్చినా, ఇటుక కాల్చిందీ, సున్నం గానుగ తిప్పిందీ, పెంకు మోసిందీ మన తాతలే. వాళ్ళ పేర్లు ఏ పలక మీదా లేవు.

కూల్చేసి కొత్తగా స్లాబు వేద్దామనే వర్గం ఒకటి లోపాయికారీగా తయారైందని నాకు తెలుసు. గోడ దానంతట అదే పడితే వాళ్ళకి ఇంకా సుఖం. వాళ్ళు ఒక్కసారి పక్కనున్న అయ్యగారి ఇంటి పైకప్పు తలెత్తి చూడాలి. అది ఎనభైల్లో వేసిన స్లాబే. సముద్రపు గాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు ఊడి, కడ్డీలు బయటపడ్డాయి. అమ్మగారు వంటింట్లో పొయ్యి రెండుసార్లు జరిపారు. నలభై ఏళ్ళ స్లాబు ముందు పడుతుందా, నూట ముప్పై ఏళ్ళ గోడ ముందు పడుతుందా అంటే, నేను ఇప్పటికీ గోడ పక్షమే.

చేయవలసిన పని కొండ కాదు. మా ఇంజనీరు కుర్రాడు రెండు పేజీల్లో రాసిచ్చాడు. ముందు పైకప్పు, తూములు. తర్వాత గోడ మొదట్లో పోసిన మట్టి ఎత్తేసి నీళ్ళు బయటికి పోయేలా వాలు. దూలాల కొసలు కోసి పాత టేకుతోనే అతుకు, గోడ నుంచి గోడకి తుప్పుపట్టని ఉక్కు కడ్డీలు వేసి బిగింపు, వచ్చే తుఫానుకి కప్పు లేచిపోకుండా గోడకి కట్టు. బీటల్లోకి పల్చటి సున్నం ఎక్కించడం. సిమెంటు పూత ఒలిచి, గోడ ఆరాక, సున్నం పూత. రంగు అన్నిటికన్నా చివర. మేం రంగుతో మొదలుపెట్టాం. ఆ రెండు పేజీలు జిరాక్సు తీయించి కమిటీలో అందరికీ ఇచ్చాను. ఒకాయన దాన్ని మడిచి విసురుకోవడం నా కళ్ళతో చూశాను. ఆయన నెత్తి మీద ఫ్యాను ఉంది, కరెంటు పోయింది.

ఈస్టరు వెళ్ళాక సర్వసభ్య సమావేశం. ఎజెండా వచ్చింది. మొదటి అంశం ఎల్ఈడీ తెర. రెండోది ఆర్చి. గోడ ఎక్కడుందని సెక్రటరీ గారిని అడిగితే 'ఇతరములు'లో ఉందన్నారు. 'ఇతరములు' దగ్గరికి వచ్చేసరికి బిర్యానీ వాసన వస్తుంది, జనం లేస్తారు. అందుకని నేను ముందే కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. బియ్యం డబ్బు వడ్డీతో సహా వెనక్కి రావాలి, ఇద్దరు ఆడవాళ్ళ సంతకం లేకుండా బ్యాంకులోంచి కదలకూడదు. ఉత్తరపు గోడ పక్కన జరిగే సండే స్కూలు వచ్చే ఆదివారం నుంచే వేరే చోటికి మారాలి. ఆ గోడకి ఏ ప్రమాదమూ లేదని కమిటీ అంటోంది కాబట్టి, పని పూర్తయ్యేదాకా పిల్లలు ఖాళీ చేసిన ఆ మూడు వరసల్లో కమిటీ సభ్యులు కుటుంబాలతో సహా కూర్చోవాలి.